పాత కౌబాయ్ ప్రింట్లు, ఎడారి ప్రింట్లు సేకరించడం: నా అనుభవం

మా హాల్లో గోడ మీదున్న బొమ్మలు చూసి ఇంటికొచ్చినవాళ్లు మొదట అనే మాట "ఇవి బాగా ఖరీదై ఉంటాయి కదా" అని. ఇలాంటి ప్రింట్లలో కొన్ని నిజంగానే ఖరీదు, నా వల్ల కానంత. కానీ నా దగ్గరున్నవాటిలో ఎక్కువ భాగం, నలుగురం కలిసి బయట భోంచేస్తే అయ్యే బిల్లు లోపే వచ్చాయి. 1870లు, 80ల నాటి పత్రికల్లోంచి విడదీసిన పేజీలు కొన్ని, 1920లు, 30ల్లో కళాకారులు స్వయంగా చెక్కిన ప్రింట్లు కొన్ని. అన్నిటిలోనూ కౌబాయ్‌లు, పశువుల మందలు, ఎర్ర రాళ్లు, కాక్టస్‌లే. అన్నీ చెక్క మీదో, లినోలియం (నేల మీద పరిచే మెత్తటి షీటు) మీదో చెక్కి, సిరా పూసి, కాగితం మీద నొక్కిన రకమే.

మేముండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. మనవాళ్లు చాలామందే ఉన్నారిక్కడ. వీకెండ్ వస్తే గ్రాండ్ కాన్యన్, సెడోనా అని తిరుగుతూ అందరిలాగే నేనూ ఫోన్ నిండా ఫొటోలు తీసేదాన్ని. కెమెరా ఇంత సులువు కాని రోజుల్లో ఈ నేలని, ఈ మనుషుల్ని కాగితం మీదకి ఎలా ఎక్కించారో చూడాలనిపించింది. అక్కడ పట్టుకుంది, ఇంక వదల్లేదు.

మొదట కొన్నది హార్పర్స్ వీక్లీ పేజీ. న్యూయార్క్ నుంచి వచ్చే వారపత్రిక అది. ఫొటోని అక్షరాల పక్కనే అచ్చేసే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు కాబట్టి బొమ్మ వెయ్యాలంటే చెక్క మీద చెక్కాల్సిందే. 1873లో ఈ పత్రిక పాల్ ఫ్రెంజెనీ, జూల్స్ టావెర్నియే అనే ఇద్దరు చిత్రకారుల్ని పడమటికి పంపింది. వాళ్లు దారి పొడవునా చూసినవాటిని నేరుగా చెక్కదిమ్మె మీదే, కుడి ఎడమలు తారుమారు చేసి గీసి న్యూయార్క్‌కి పంపేవాళ్లు. 1874లో వచ్చిన టెక్సస్ పశువుల వ్యాపారం బొమ్మలు అలా పుట్టినవే. ఆ తర్వాత ఫ్రెడరిక్ రెమింగ్టన్ అనే చిత్రకారుడు వచ్చాడు. అపాచీ తెగ నాయకుడు జెరోనిమో జాడ వెతుకుతున్న అపాచీ స్కౌట్ల (సైన్యానికి దారి చూపేవాళ్ల) బొమ్మ 1886 జనవరి 9 సంచిక కవర్ మీద పడింది, అక్కడి నుంచి ఆయన పేరు మోగిపోయింది. 1888లో సెంచరీ పత్రికలో థియోడర్ రూజ్‌వెల్ట్ రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం) జీవితం గురించి రాసిన వ్యాసాలకి బొమ్మలేసింది కూడా ఆయనే. రూజ్‌వెల్ట్ అప్పటికింకా ప్రెసిడెంట్ కాలేదు.

ఇలాంటి పేజీ చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ముందుగా వచ్చే ఆలోచన ఒకటే, ఇది నా దాకా రావడానికి ఎన్ని చేతులు మారిందీ అని. గీసినవాడు ఒకడు. చెక్కినవాడు ఇంకొకడు, చాలా పేజీల్లో అడుగున ఇద్దరి సంతకాలూ ఉంటాయి. ఒక్కోసారి చెక్కినవాడు కూడా ఒక్కడు కాదు. దానికి వాడేది బాక్స్‌వుడ్, చాలా గట్టి చెక్క, కానీ ఆ చెట్టు మాను సన్నం. అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కుతారు కాబట్టి పెద్ద పలక దొరకదు, అందుకని చిన్న ముక్కల్ని బోల్టులతో కలిపి పెద్ద దిమ్మె చేసేవాళ్లు. పని తొందరైతే బోల్టులు విప్పి తలా ఒక ముక్క ఇచ్చి, చెక్కడం అయ్యాక మళ్లీ బిగించేవాళ్లు. రెండు పేజీల పెద్ద బొమ్మలో ఆకాశం మీదుగా సన్నటి తెల్ల గీత నిటారుగా దిగుతూ కనిపిస్తే అది ఆ అతుకే. కొంతమంది దాన్ని లోపం అనుకుని పేజీ వదిలేస్తారు, నాకైతే అది కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఇంతా చేసి అచ్చయ్యేది ఆ చెక్కతో కూడా కాదు. లక్ష కాపీలకి చెక్క తట్టుకోదని దాని నుంచి మైనం మీద ముద్ర తీసి, దానికి రాగి పొర ఎక్కించి, ఆ రాగి నకలుతో అచ్చేసేవాళ్లు.

కొనేముందు చూసుకోవాల్సినవన్నీ కూడా ఒక రకంగా ఈ చేతుల లెక్కే. నగల షాపువాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి, పదిహేను డాలర్లకి మంచిదే వస్తుంది. దాంట్లోంచి చూస్తే చెక్కిన బొమ్మలో బూడిద రంగు అంటూ ఏమీ ఉండదు, అంతా నల్ల గీతలూ వాటి మధ్య తెల్ల సందులే. గీత అంచున సిరా కొంచెం చిక్కగా, ఒత్తుకుని బయటికి వచ్చినట్టు ఉంటుంది. వరసగా చుక్కలు కనిపిస్తే అది ఫొటో తీసి అచ్చేసింది. పేజీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే వెనకవైపు ఒత్తిడి ముద్ర కూడా కొన్నిట్లో తెలుస్తుంది. వెనక్కి తిప్పి చూడండి, పత్రిక పేజీ అన్నాక వెనక వ్యాసమో ప్రకటనలో ఉండాలి కదా. ఖాళీగా తెల్లగా ఉంటే అమ్మేవాళ్లని గట్టిగా అడగండి.

ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు "1880ల నాటి ఒరిజినల్ వుడ్‌కట్, రెమింగ్టన్" అని పెట్టాడు, ఫ్రేమ్ చేసి, మూడు వందల యాభై డాలర్లకి. ఫొటోలో చాలా బాగుంది. గుర్రం మెడ దగ్గర మాత్రమే దగ్గర నుంచి ఒక ఫొటో తీసి పంపమని అడిగాను. రెండుసార్లు అడిగితే పంపాడు, చూస్తే బియ్యం చల్లినట్టు చుక్కలు. మర్యాదగా చెప్పి వదిలేశాను, అతను దాన్ని అదే పేరుతో అమ్మకానికి ఉంచేశాడు, అదే నాకు కష్టంగా అనిపించింది. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లెవరో దాన్ని కొని మురిసిపోతారు. రెమింగ్టన్ విషయంలో ఇంకో చిక్కుంది, 1880ల చివర నుంచి ఆయన బొమ్మలు కొన్ని చెక్కి, కొన్ని ఫొటో పద్ధతిలో, ఒకే పత్రికలో పక్కపక్కనే వచ్చాయి. తేదీ చూసి నమ్మేస్తే కుదరదు, ప్రతి పేజీనీ విడిగా చూడాల్సిందే.

మా బాబాయిది పెడన, కలంకారీ అద్దకానికి టేకు దిమ్మెలు చెక్కే పని. ఒకరోజు వీడియో కాల్‌లో రెమింగ్టన్ పేజీ ఒకటి భూతద్దం పెట్టి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు, ఆ గుర్రం కాలే చూస్తున్నారు. తర్వాత, "అమ్మాయ్, ఇది సుత్తీ ఉలీ పెట్టి కొట్టింది కాదు. సన్న మొన ఉన్నదేదో చేత్తో తోసుకుంటూ పోయాడు. చూడు, ప్రతి గీతా సన్నగా మొదలై మధ్యలో లావెక్కి మళ్లీ సన్నబడుతోంది. మా టేకు మీద ఇట్లా చేస్తే నార లేచిపోతుంది" అన్నారు. సరిగ్గా అదే. అడ్డకోత చెక్కకి నార అడ్డు రాదు కాబట్టి బ్యూరిన్ అనే సన్నటి పనిముట్టు ఎటు తోస్తే అటు పోతుంది. నిలువు పలక మీద చెక్కే వుడ్‌కట్‌కీ, ఈ వుడ్ ఎన్‌గ్రేవింగ్‌కీ ఉన్న తేడా ఆయన ఆ గీతలు చూసి చెప్పేశారు. అప్పటి నుంచి ఏది కొన్నా ముందు ఆయనకి చూపిస్తాను.

రంగుల గురించి కూడా ఒక మాట. హార్పర్స్ పేజీలు నలుపు తెలుపులోనే వచ్చాయి. ఇప్పుడు మార్కెట్లో రంగులేసినవి బోలెడు కనిపిస్తాయి, అవి చాలావరకు ఈమధ్య కాలంలో ఎవరో అమ్మకం కోసం వాటర్ కలర్‌తో పూసినవి. గోడకి అందంగానే ఉంటాయి, కానీ చెక్కినవాడు గీతల దూరం దగ్గరలతో తెచ్చిన ఎండ మొత్తం ఆ రంగు కింద పడి చచ్చిపోతుంది. నేను కొనను.

పేజీలు ఓ పాతిక పోగయ్యాక అన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి చూసుకున్నాను. ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. మనుషులు, గుర్రాలు, తాళ్లు అద్భుతంగా ఉన్నాయి, నేల మాత్రం లేదు. గుర్రాల కింద నాలుగు అడ్డ గీతలు, రెండు గడ్డి పోచలు, మిగతాదంతా తెల్ల కాగితం. లోయలైతే వేరే సంగతి, చిత్రకారుడు థామస్ మోరన్ 1873లో అన్వేషకుడు జాన్ వెస్లీ పవెల్ బృందంతో గ్రాండ్ కాన్యన్ వైపు వెళ్లొచ్చి వేసిన బొమ్మలు 1875లో స్క్రిబ్నర్స్ మంత్లీలో చెక్క అచ్చులుగా వచ్చాయి, వాటిలో రాళ్లు, మబ్బులు, లోతు కళ్లు తిరిగేలా ఉంటాయి. మోరన్ కుర్రతనంలో ఫిలడెల్ఫియాలో చెక్క అచ్చుల పని దగ్గరే శిష్యరికం చేసినవాడు, ఏ గీత చెక్కడానికి లొంగుతుందో తెలిసి గీశాడని నా నమ్మకం. కానీ మామూలు చదును ఎడారి, మేం రోజూ ఆఫీసుకి పోయే దారిలో కనిపించే ఈ పొదలు, ఈ మట్టి, ఇది ఆ పత్రికలవాళ్లకి ఖాళీగానే కనిపించినట్టుంది. న్యూయార్క్‌లో కూర్చుని చెక్కేవాడికి ఇది తెలియాలంటే ఎలా తెలుస్తుంది?

ఆ నేలని వెతుక్కుంటూ శాంటా ఫే వెళ్లాను. న్యూ మెక్సికో మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో గుస్తావ్ బౌమన్ ప్రింట్లు ఎదురుగా నిలబడి చూడటం, నా వరకు, ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద మలుపు. ఆయన 1881లో జర్మనీలో పుట్టి, చిన్నతనంలో షికాగో వచ్చి, మ్యూనిక్ వెళ్లి చెక్క అచ్చు నేర్చుకుని, 1918లో శాంటా ఫే చేరి 1971లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఒక్కో రంగుకి ఒక్కో దిమ్మె, సిరా ఆయనే కలుపుకునేవాడు, అచ్చు ఆయనే వేసేవాడు. సంతకం పక్కన గుండె, దాని మీద అరచేయి ఉన్న చిన్న ముద్ర ఉంటుంది. నీడలో ఊదా రంగు, దాని పక్కనే మండే నారింజ, ఫొటోలో అది అస్సలు రాదు. ఇక్కడ గీసిన చెయ్యి, చెక్కిన చెయ్యి, నొక్కిన చెయ్యి ఒక్కటే. ఒక ఎడిషన్, అంటే ఒక బొమ్మకి వేసే మొత్తం కాపీలు, నూటికి పైచిలుకు అని ప్రకటించినా అన్నీ ఒకేసారి వెయ్యకుండా, అయిపోయిన కొద్దీ కొన్ని కొన్ని వేసేవాడు, అందుకని ఒకే బొమ్మ ఒక కాపీలో పొద్దున్నలా, ఇంకో కాపీలో సాయంత్రంలా ఉండొచ్చు. కొనేవాళ్లు నంబర్ ఒక్కటే కాదు, ఆ కాపీ రంగు చూసి కొనాలి. ధర వేలల్లో, మంచివైతే పదివేలు దాటి. నాకు అందదు, దానికి బాధ లేదు, మ్యూజియంకి వెళ్లి చూస్తాను.

బౌమన్ వేసిన ఎడారి, కొండల ప్రింట్లలో నేను చూసినవి చాలావరకు మనిషి లేనివే. పత్రిక పేజీల్లో మనిషి ఉండి నేల లేకపోతే, ఇక్కడ నేల ఉండి మనిషి లేడు.

ఎవరెట్ రూస్ గురించి చెప్పకుండా ఉండలేను. 1914లో పుట్టిన కుర్రాడు, పదహారేళ్లప్పటి నుంచి గాడిదల మీద సామాను వేసుకుని అరిజోనా, యూటా ఎడారుల్లో ఒంటరిగా తిరిగాడు. లినోలియం మీద చెక్కిన చిన్న నలుపు తెలుపు ప్రింట్లు అమ్ముకుంటూ, ఇచ్చిపుచ్చుకుంటూ. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరున్న ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ అతని ఫొటోలు తీసింది, ఇంకో పెద్ద ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అతని ప్రింట్‌కి మారుగా తన ఫొటో ఒకటి ఇచ్చాడు. 1934 నవంబర్‌లో యూటాలోని ఎస్కలాంటే ఊరు దాటి వెళ్లాడు, అప్పటికి ఇరవై ఏళ్లు. మరుసటి ఏడాది వెతికినవాళ్లకి డేవిస్ గల్చ్ అనే లోయలో అతని గాడిదలు దొరికాయి, దగ్గర్లో రాతి మీద "నెమో 1934" అని చెక్కి ఉంది (నెమో అంటే లాటిన్‌లో "ఎవరూ కాదు"), అతను మాత్రం ఈ రోజుకీ దొరకలేదు. 2009లో ఎముకలు దొరికాయని, డీఎన్ఏ సరిపోయిందని ప్రకటించి, అదే ఏడాది అది తప్పని తేల్చారు. ఆ ప్రింట్లు చూస్తుంటే గుండె పట్టేస్తుంది. అతను స్వయంగా అచ్చేసినవి దొరకడం చాలా కష్టం. అమ్మకానికి కనిపించేవాటిలో ఎక్కువ, మిగిలిన అతని దిమ్మెలతో తర్వాతి కాలంలో వేరేవాళ్లు అచ్చేసినవి. అలాగే అని రాసి అమ్మితే అందులో తప్పేం లేదు, నా దగ్గర ఒకటుంది. చెక్కిన చెయ్యి అతనిదే, నొక్కిన చెయ్యి కాదు. ఫ్రేమ్ వెనక ఆ మాటే రాసి పెట్టాను, రేపు మా పిల్లలు అమ్మినా ఎవరినీ మోసం చెయ్యకుండా.

తక్కువ డబ్బుతో కళాకారుడి చెయ్యి కావాలనుకునేవాళ్లకి విల్లర్డ్ క్లార్క్ పేరు చెప్తాను. శాంటా ఫేలో చిన్న ప్రెస్ నడుపుతూ మెనూ కార్డులకి, లెటర్‌హెడ్‌లకి బుల్లి బుల్లి చెక్క బొమ్మలు వేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అది ఆపి, అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు, రిటైరయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు. కాబట్టి యుద్ధానికి ముందువో తర్వాతవో అడిగి తెలుసుకోండి, ధరలో తేడా ఉంటుంది.

ఇంక అసలు విషయానికి, లాన్ మెగార్జీకి వస్తాను. బయట పెద్దగా తెలియని పేరు, అరిజోనాలో మాత్రం ఇంటి మనిషి. 1883లో ఫిలడెల్ఫియాలో పుట్టి, కుర్రతనంలోనే అరిజోనా వచ్చి నిజంగా కౌబాయ్‌గా పని చేసినవాడు. 1912లో రాష్ట్రం ఏర్పడ్డాక ఫీనిక్స్‌లోని కాపిటల్ భవనానికి పెద్ద చిత్రాలు వేశాడు. టోపీలో నీళ్లు పోసి గుర్రానికి తాగిస్తున్న కౌబాయ్ బొమ్మ స్టెట్సన్ టోపీల లోపల ఉంటుంది చూడండి, అది ఆయనదే. ప్యారడైజ్ వ్యాలీలో ఆయన కట్టుకున్న ఇల్లే ఇప్పుడు హెర్మోసా ఇన్ అనే హోటల్, వెళ్తే గోడల మీద ఆయన పని చూడొచ్చు. 1933లో "ది కౌబాయ్ బిల్డ్స్ ఎ లూప్" అని తన బ్లాక్ ప్రింట్లతో ఒక పుస్తకం తెచ్చాడు. దట్టమైన నలుపు, కత్తిలా తెలుపు, మధ్యలో ఇంకేమీ లేదు.

ఆయన ప్రింట్ కోసం చాలాకాలం వెతికాను. ఆయన పేరు కొట్టి వెతికితే మొదట తగిలేవి ఏ-1 బీరు కంపెనీ కోసం వేసిన బొమ్మలు. బార్‌లలో తగిలించడానికి రంగుల్లో అచ్చేసి పంచినవి, వాటిని కూడా చాలామంది "మెగార్జీ ప్రింట్" అనే అమ్ముతారు. వాటిని ఇష్టపడి కూడబెట్టేవాళ్లున్నారు, నాకు కావాల్సింది అవి కాదు. చివరికి స్కాట్స్‌డేల్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో దొరికింది. ఎస్టేట్ సేల్ అంటే పెద్దవాళ్లు పోయాక ఇంట్లో సామాను మొత్తం ఇంట్లోనే పెట్టి అమ్మేయడం, ఫీనిక్స్ చుట్టుపక్కల ప్రతి వారాంతం జరుగుతుంటాయి, మొదటిరోజు పొద్దున్నే వెళ్తే మంచి వస్తువులు, ఆఖరిరోజు వెళ్తే మంచి ధర. హాల్లో కాదు, వెనక గది గోడకి ఉంది. గుర్రం మీద కౌబాయ్, చేతిలో తాడు, వెనక సవారో కాక్టస్‌లు. ఫ్రేమ్ విప్పి చూస్తానంటే ఆ నడిపేవాళ్లు ఒప్పుకున్నారు. కింద పెన్సిల్ సంతకం ఉంది, భూతద్దంలో చుక్కల్లేవు, పెద్ద నలుపు భాగంలో సిరా అక్కడక్కడా పలచబడి కాగితం తొంగి చూస్తోంది. వెనక పాత టేప్ అంటించి గోధుమ మరకలు, దాని పేరు చెప్పి ధర తగ్గించమన్నాను. వెయ్యికి కొంచెం తక్కువలో తెగింది. మా ఆయన కార్లో కూర్చున్నాక ఆ ధర విని కాసేపు మాట్లాడలేదు, ఇంటికొచ్చి బొమ్మ చూశాక "సరేలే" అన్నారు.

మా వీధి చివరింట్లో ఉండే పెద్దాయన వయసులో ఉన్నప్పుడు రాంచ్‌లో పని చేశారు. ఆయన్ని పిలిచి దీన్నీ, కొన్ని పత్రిక పేజీల్నీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒక పత్రిక పేజీలో తాడుని చూపించి, ఇలా పట్టుకుంటే వేళ్లు తెగిపోతాయన్నారు. మెగార్జీ బొమ్మ ముందు మాత్రం నిలబడి, ఆ చుట్టు చేతిలో ఎంత వదులుగా ఉందో, మణికట్టు ఎటు తిరిగి ఉందో తన చేత్తో చేసి చూపించారు. నేను అన్ని పేజీల్లో వెతుకుతున్నది అదే. తాడు విసిరిన చెయ్యే దిమ్మెనీ చెక్కింది, అందుకే ఈ ఒక్క బొమ్మలో మనిషీ ఉన్నాడు, నేలా ఉంది.

దాచుకోవడం గురించి క్లుప్తంగా. మౌంట్, వెనక అట్ట యాసిడ్ లేనివి అడగండి. ప్రింట్‌ని అట్టకి అతికించనివ్వకండి, పైన రెండు చోట్ల జపనీస్ కాగితం ముక్కల్ని గోధుమ పిండి జిగురుతో అంటించి వేలాడదీయాలి. సెల్లో టేప్ మాట ఎత్తితే ఆ ఫ్రేమ్ షాపు మార్చేయండి. అద్దం యూవీ ఆపేది వేయించండి, ఇక్కడి ఎండకి పత్రిక కాగితం చూస్తుండగానే గోధుమ రంగుకి తిరిగి పెళుసెక్కుతుంది. మా ఇంట్లో పడమటి గోడకి ఎండ తగలదు, అన్నీ అటే ఉన్నాయి, మిగతావి పెట్టెలో పెట్టి కొన్ని నెలలకోసారి మారుస్తాను. విజయవాడ, బందరు వైపు ఉన్నవాళ్లకి సమస్య తిరగబడుతుంది, అక్కడ తేమ, బూజు మచ్చలు, కాగితం తినే పురుగులు. బాబాయికి ఒక పేజీ ఫ్రేమ్ చేసి పంపితే, గోడకి తగలకుండా వెనక గాలి ఆడేలా నాలుగు మూలలా చిన్న చెక్క ముక్కలు ఆయనే పెట్టుకున్నారు.

ఇప్పుడు వెతుకుతున్నది ఫ్రెంజెనీ, టావెర్నియే 1874 పశువుల పేజీ, రంగు పుయ్యనిది, అంచులు కత్తిరించనిది. రంగులేసినవి మూడు చోట్ల ఉన్నాయి. మీలో ఎవరికైనా నలుపు తెలుపుది కనబడితే, కొనేముందు వెనకవైపు కూడా ఫొటో తీయించుకోండి.